సైకిలు పడవ

మా లంకలో విసురు వల వేసేవాళ్ళు జంటగానే గోదారి మీదికి వెళతారు. మగవాడు ముందు నిలబడి వల విసురుతాడు. ఆడమనిషి వెనక కూర్చుని తెడ్డు వేస్తుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. వలకి రెండు చేతులూ కావాలి కనుక పడవకి ఇంకో మనిషి కావాలి. ఆ ఇంకో మనిషి ఇంట్లోనే ఉంటుంది. అంతే.

మా ఆవిడ వీరవేణి కాపరానికి వచ్చిన ఏడాది నుంచీ నా వెనక కూర్చుంది. మేం పడవలో పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను కుడి చెయ్యి కొంచెం ఎత్తితే ఆగేది, మడమతో చెక్క మీద కొడితే కదిలేది. పడిన చేపలో మంచిది ఒకటి ఇంటికి ఉంచుకునేవాళ్ళం. దాని తలకాయ నా కంచంలో పడేది. వల వేసినవాడికి తల అని మా అమ్మ కాలం నుంచీ మా ఇంట్లో వాడుక.

కిందటి వరదల్లో వీరవేణి గట్టు దిగుతూ బురదకి జారి కుడి భుజం మీద పడింది. రాజమండ్రి తీసుకెళితే కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గాని చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. అన్నం తింటుంది, ముగ్గు వేస్తుంది. జడ వేసుకోలేదు. ఆ పని నేను నేర్చుకున్నాను. వల అల్లే చేతికి జడ పెద్ద లెక్క కాదు.

"వల కాదు మావా ఇది. అంతలా బిగించకు" అనేది.

కట్టు విప్పాక మళ్ళీ తెడ్డు పట్టింది. నొప్పి అని ఒక్క మాట అనలేదు. నేను ముందుకి తిరిగి ఉంటాను కనుక ఆమె మొహం నాకు కనపడదు. పడవే చెప్పింది. నాలుగు తోపులు వేసేసరికి ముక్కు పక్కకి తిరిగిపోయేది. నేను వల మడిచి లోపల పెట్టి, వెనక్కి వెళ్ళి ఆమె చేతిలోంచి తెడ్డు తీసుకున్నాను. ఆమె ఇచ్చేసింది. గట్టుకి వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

తెడ్డుకి కూలి మనిషిని పెట్టుకోమన్నారు. పెట్టాను. ఎవరు కూర్చున్నా నా వల గుండ్రంగా విచ్చుకోవడం లేదు. సగం విచ్చుకుని మడతపడి పడుతోంది. వయసు వచ్చిందనుకున్నాను. పడవ గట్టు మీద బోర్లించి, కడియం నర్సరీలో పనికి కుదిరాను. మొక్కలు లారీలకి ఎక్కించే పని. చెడ్డ పనేం కాదు. మొక్కలు చెప్పినచోట ఉంటాయి.

సాయంత్రం నేను వచ్చేసరికి వీరవేణి బోర్లించిన పడవ మీద కూర్చుని ఉండేది.

"ఏం చేస్తన్నావే?"

"ఏం లేదు. బొచ్చె చేపలు ఇసక మేట కిందకి వచ్చాయి. చూడు, ఆ బుడగలు."

ఆమె చూపించిన చోటే మర్నాడు బంగార్రాజు వల వేసి బుట్ట నింపుకునేవాడు. బంగార్రాజు మా వీధివాడే, నాకు వరసకి బావమరిది.

ఒక సాయంత్రం ఆమే అంది. "పడవ అమ్మేద్దాం మావా. ఊరికే చెద పడతాది."

ఏ మాట వస్తుందని నాకు భయమేసేదో ఆ మాట అదే. పడవ పోతే పోనీ. ఆమె గోదారిని వదిలేసుకుంటోంది. గట్టు మీద కూర్చుని బుడగలు చూడడం కూడా మానేస్తే ఇంక ఆ మనిషి ఏమైపోతుందో నేను ఊహించలేకపోయాను. "చూద్దాంలే" అన్నాను. ఎప్పుడూ అదే అంటాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా నర్సరీ యజమాని సుధాకర్ గారు నన్ను వ్యానులో గులాబీ కుండీలు వేసుకుని రాజమండ్రి దానవాయిపేట వెళ్ళమన్నారు. మణిశంకర్ గారిల్లు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వాళ్ళావిడ సీతారామలక్ష్మి గారు వరండాలో నిలబడి కుండీలు ఎక్కడ పెట్టాలో చెబుతున్నారు.

"అదిగో, ఆ షెడ్డులో టార్పాలిను కప్పినదాని మీద వరసగా పెట్టు బాబూ. అలాగైనా ఉపయోగపడుతుంది."

నేను కుండీ దించబోతూ ఆగాను. టార్పాలిను కింద ఉన్నదాని నడుం చూశాను. అలాంటి నడుం దేనికి ఉంటుందో నాకు తెలుసు.

"పడవ మీద మట్టి కుండీలు పెట్టకూడదండి."

"చూశారా, పడవని కనిపెట్టేశాడు!" అంటూ లోపలినుంచి మణిశంకర్ గారు లుంగీ సర్దుకుంటూ వచ్చేశారు. టార్పాలిను ఆయనే లాగేశారు. పచ్చటి ప్లాస్టిక్కు పడవ. పొడుగ్గా, కోసుగా ఉంది. మధ్యలో కుర్చీ. కుర్చీ ముందు సైకిలు పెడళ్ళు.

"ఇది కయాక్. తెడ్డు అక్కర్లేదు. కాళ్ళతో తొక్కాలి. అడుగున ఫ్యాను తిరుగుతుంది. ముందుకి తొక్కితే ముందుకి, వెనక్కి తొక్కితే వెనక్కి. చేతులు రెండూ ఖాళీ! హాయిగా గాలం వేసుకోవచ్చు."

"వేసుకున్నారా?" అన్నారు ఆవిడ.

ఆయన వినపడనట్టు పెడలు చేత్తో తిప్పి చూపించారు.

"ఫోనులో వీడియోలు చూసి తెప్పించారు బాబూ. ఎవరో తెల్లాయన సముద్రంలో తొక్కుతూ ఇంత చేప పట్టాడట. ఈయన ఘాటులో దింపితే స్నానాలకి వచ్చినవాళ్ళంతా మొలలోతు నీళ్ళలో నిలబడి, తాతగారూ టిక్కెట్టెంతండీ అని అడిగారు. ఆ రోజు నుంచి ఇది నా షెడ్డులో ఉంది."

"చేపలు పడలేదాండి?" అన్నాను.

"పడతాయి. ఓపిక ఉండాలి" అన్నారాయన.

"ఎర ఉండాలి కదా బాబూ. ఈయన దొండకాయ ముక్క గుచ్చారు. వానపాముని ముట్టుకోరు."

నేను నవ్వలేదు. పెడళ్ళనే చూస్తున్నాను. చేతులు రెండూ ఖాళీ అన్న మాట నా బుర్రలో తిరుగుతోంది. ఒక్క మనిషి. కాళ్ళతో నడుపుతూ చేతులతో వల. వేణి చెయ్యి నొప్పెట్టక్కర్లేదు, కూలి మనిషి అక్కర్లేదు. సాయంత్రం నేను గోదారి నుంచి వస్తాను, నర్సరీ నుంచి కాదు. ఆమె చూపించిన బుడగల మీద నేనే వల వేస్తాను.

"ఇది అమ్ముతారాండి?"

ఆయన ఒక ధర చెప్పారు. ఆవిడ వరండాలోంచి అందులో సగం చెప్పారు. నేను రెంటికీ మధ్య ఒకటి అన్నాను. ఆయన ఆవిడకేసి చూశారు, ఆవిడ గులాబీలకేసి చూశారు. బేరం కుదిరింది.

పాత పడవ బంగార్రాజు తీసుకున్నాడు. ఆ డబ్బు, ఇంట్లో ఉన్నది కలిపి సరిపోయింది. సుధాకర్ గారు వ్యాను ఊరికే ఇచ్చారు. సైకిలు పడవ క్రోటను మొక్కల మధ్య నుంచి ముక్కు బయటపెట్టి మా లంక రేవుకి వచ్చింది.

రేవులో అందరూ పోగయ్యారు. బంగార్రాజు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"బావా, బెల్లు ఏదీ?"

"లేదు."

"మరి చేపలు ఎలా తప్పుకుంటాయి? పోనీ, స్టాండైనా ఉందా? మధ్యాన్నం గోదారి మధ్యలో నిలబెట్టి టీకెళ్ళాలంటే ఎలా?"

"గాలి నీ చేత కొట్టిస్తాలే" అన్నాను. నాకు అంతకంటే తట్టదు.

వీరవేణి పడవ మీద చెయ్యి వేసి ముందు నుంచి వెనక్కి నడిచింది. కుర్చీ దగ్గర ఆగింది.

"ఒక్కళ్ళకే ఉంది చోటు" అంది.

"నువ్వింక కష్టపడక్కర్లేదు కదే."

"సరే."

ఆ సరేలో ఏదో తేడా ఉంది. నేను అప్పుడు పట్టించుకోలేదు. పడవ ఎలా ఉందో చూసుకునే సంబరంలో ఉన్నాను. ఆమె పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, పెడళ్ళకి కూడా చెరో బొట్టు పెట్టింది. తన పాత తెడ్డు మాత్రం బంగార్రాజుకి ఇవ్వలేదు. ఇంటికి తీసుకెళ్ళి తలుపు వెనక పెట్టుకుంది.

కార్తీకం వచ్చింది. ఎర్రనీరు పోయి గోదారి తేరింది. తెల్లారాక రేవులోంచి తొక్కుకుంటూ బయల్దేరాను. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళూ గోదారిని అరికాళ్ళతో చెక్క మీదనుంచి వింటూ వచ్చాను. ఇప్పుడు పెడళ్ళలోంచి వస్తోంది. లోతు నీళ్ళలో పెడలు మెత్తగా తిరుగుతుంది. ఇసక మేట దగ్గరకొస్తే బిగుస్తుంది. గుర్రపుడెక్క అడ్డం వస్తే ఫ్యానుకి చుట్టుకుంటుంది. అప్పుడు పెడళ్ళ గూడు మొత్తం పైకి లాగేసి తీసేసుకోవచ్చు. ఆ పని మణిశంకర్ గారు షెడ్డులోనే మూడుసార్లు చేయించి నేర్పారు.

ఆ రోజు గాలమే వేశాను. నాలుగు జెల్లలు పడ్డాయి. మేట దగ్గర "ఆపు వేణీ" అన్నాను. నా మాట నాకే వినపడింది. పడవ ఆగలేదు. నా కాళ్ళు నేనే ఆపుకున్నాను.

మర్నాడు వల తీసుకెళ్ళాను. గాలం కాలక్షేపానికి. నాకు వచ్చిన పని విసురు వల. బుడగలు చూసుకుని, పడవ ఆపి, కుర్చీ ముందుకి వచ్చి నిలబడ్డాను. అడుగు వెడల్పుగానే ఉంది. వల తాడు మణికట్టుకి తగిలించుకున్నాను. సీసపు గుండ్ల అంచు సగం భుజం మీద, సగం మోచేతి మీద వేసుకున్నాను. నడుం తిప్పి, ఎప్పుడూ విసిరేలాగే విసిరాను.

వల ఎటు పోయిందో చూడలేదు. ఆకాశం కనపడింది, తర్వాత నీళ్ళు కనపడ్డాయి. నేను పైకి తేలేసరికి పడవ పలుపు తెంపుకున్న గేదెలా తన దారిన తను పోతోంది. వల దాని ఫ్యానుకి చుట్టుకుంది. తాడు నా చేతికి ఉంది. పడవ నన్ను కొంత దూరం లాక్కుపోయింది. తాడు విప్పుకుని ఈదుకుంటూ మేట ఎక్కాను. గట్టు మీద వీరవేణి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీళ్ళ అంచుదాకా వచ్చేసి నిలబడి ఉంది. నేను మేట మీద లేచి నిలబడ్డాక అక్కడే కూలబడింది.

బంగార్రాజు తన ఇంజను పడవ వేసుకొచ్చి ముందు సైకిలు పడవని పట్టుకున్నాడు. తర్వాత నన్ను.

"బ్రేకులు పడలేదా బావా?"

తడి బట్టలు పిండుకుని వాడి పడవ ఎక్కాను.

రేవులో పడవ పైకి లాగాం. బంగార్రాజు వెళ్ళాక ఇద్దరం కూర్చుని ఫ్యానుకి చుట్టుకున్న వల విప్పుతున్నాం. ఆమె ఎడం చేత్తో ముడులు విప్పుతోంది. ముడి మీంచి తల ఎత్తకుండానే అంది.

"నిలబడి ఇసిరావా?"

"ఎప్పుడూ నిలబడేగా."

"వెనక ఎవరొరిగారు?"

"ఒరగడమేంటి?"

ఆమె ముడి వదిలేసి నాకేసి చూసింది. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని చూసినట్టుంది.

"నీ కుడి మోచెయ్యి లేచినప్పుడల్లా నేను ఎడం పక్కకి ఒరిగేదాన్ని కాదా మావా? నువ్వు ఆ పక్కకి పడతావు, పడవ ఆ పక్కకి దిగుతాది. నేను ఈ పక్కకి ఒరిగితే సమంగా ఉంటాది. వల గుండ్రంగా పడతాది."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పేదేంటి? నీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. కూలి మనుషులు కూర్చున్నప్పుడు నా వల ఎందుకు మడతపడిందో అప్పుడు అర్థమైంది. పాత చెక్క పడవ బరువు కనుక నన్ను నిలబెట్టింది గాని వలని నిలబెట్టలేకపోయింది. ఈ ప్లాస్టిక్కు పడవకి ఆ బరువు కూడా లేదు. ఇన్నేళ్ళు నా చేతివాటం అనుకుని లంకంతా మెచ్చుకున్నది, నేనూ లోపల్లోపల మెచ్చుకున్నది, సగం నా వెనక కూర్చుని ఉంది.

ఏదైనా మంచి మాట అనాలనిపించింది. రాలేదు. "ఆ ముడి ఇలా ఇయ్యి" అన్నాను.

వల విప్పాక బురద కడుగుతుంటే ఆమే చూసింది. కుర్చీకి ముందు, నేను నిలబడి పడిపోయిన చోట, రెండు పక్కలా కొక్కేలు ఉన్నాయి. మధ్య కుర్చీకి ఉన్నలాంటివే.

"ఇక్కడేదో ఉండేది మావా."

మణిశంకర్ గారికి ఫోను చేశాను. ఆవిడ ఎత్తారు.

"అమ్మగారూ, నేను అమ్మిరాజునండి, లంక నుంచి. పడవలో ముందు ఇంకోటేదైనా ఉండేదాండి?"

ఆవిడ ఫోను పట్టుకుని పక్క గదిలోకి నడిచినట్టుంది.

"రెండో కుర్చీ. అటక మీద ఉంది. నేనే ఎక్కించాను. అది కనపడినప్పుడల్లా, నువ్వు ఎక్కవేంటి లక్ష్మీ, నీ కోసమే రెండు కుర్చీలది తెప్పించాను అంటారు. మనిషికి ఈత రాదు. నేను ఎక్కి ఏం చెయ్యనూ, జతగా మునగనా?" అని, గొంతు తగ్గించి, "దానికి డబ్బులేం వద్దు. అది మీదే. ఇవ్వడం నేను మర్చిపోయాను" అన్నారు.

ఆదివారం ఇద్దరూ కారులో వచ్చారు. కుర్చీ, రెండు లైఫ్ జాకెట్లు, ఒక సీసా నూనె తెచ్చారు. మణిశంకర్ గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని కుర్చీ తానే బిగించారు. నేను పడిపోయిన సంగతి విని ఆయన మొహంలో బాధ కనపడింది, దాని వెనకే కొంచెం ఊరట కూడా. తను ఒక్కడే పడలేదని.

"ఇంకేం భయం లేదు. మీరు వెనక తొక్కండి. అమ్మాయి ముందు కూర్చుంటుంది" అన్నారు.

"ముందు కూర్చుని నేనేం చెయ్యాలండి?" అంది వీరవేణి.

"ఏం చెయ్యక్కర్లేదమ్మా. అలా కూర్చోవడమే."

ఆమె తల ఊపింది. జాకెట్టు చీర మీద వేసుకుంది. నీళ్ళలోకి దిగి, ముందు కుర్చీ దాటుకుని వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుంది. పెడళ్ళ మీద కాళ్ళు పెట్టింది.

"అది తొక్కేవాళ్ళ చోటమ్మా" అన్నారాయన.

"నా చోటు ఎప్పుడూ వెనకేనండి. చెయ్యి పోయింది గాని కాళ్ళు పోలేదు కదండి."

పడవ కొన్నది నేను. కాళ్ళతో నడుస్తుందని చూసి కొన్నదీ నేనే. అయినా ఆ కాళ్ళు నావే అయి ఉండాలని ఎందుకనుకున్నానో తెలియదు. ఆమెకి కాళ్ళున్న సంగతి ఆమె చెబితే గాని తట్టలేదు.

పడవ తిప్పడానికి ఎడం చేతి దగ్గర వేలెడంత పుల్ల ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ కదిపి చూసింది. ముందుకి తొక్కింది. వెనక్కి తొక్కింది. రేవులోనే చిన్న గుండ్రం చుట్టి సరిగ్గా బయల్దేరిన చోటికి తెచ్చి నిలబెట్టింది. నీళ్ళు ఎటు లాగుతున్నాయో ఆమెకి ఎవరు చెప్పాలి?

"అమ్మగారూ, రండి. ఓ చుట్టు తిప్పుతాను" అంది సీతారామలక్ష్మి గారితో.

ఆవిడ ముందు నవ్వారు. తర్వాత చెప్పులు విడిచారు. తర్వాత జాకెట్టు బిగించమని మొగుడికే చెప్పారు. ముందు కుర్చీలో చీర కొంగు ఒళ్ళో పెట్టుకుని, రెండు పక్కలా గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. పడవ మేట దాకా వెళ్ళి తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు చేతులు వదిలేసి, ఒక చెయ్యి నీళ్ళలో పెట్టి ఉన్నారు.

"నేను పిలిస్తే ఒక్కనాడూ ఎక్కలేదు!" అన్నారు మణిశంకర్ గారు, ఫోనులో వీడియో తీస్తూనే.

"మీరు తొక్కితే ఎవరెక్కుతారండీ?" అని నీళ్ళ మీదనుంచే అరిచారావిడ.

బంగార్రాజు కూడా అక్కడే ఉన్నాడు. వాడు బెల్లు సంగతి ఎత్తలేదు. వీరవేణి దగ్గరికి వెళ్ళి, "చెల్లెమ్మా, మా ఆవిడకి కూడా నేర్పుతావా?" అన్నాడు.

"ముందు నీ పడవకి పెడళ్ళు పెట్టించు అన్నా" అందామె.

సోమవారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. మంచు పలచబడి ఎండ వచ్చింది. నేను ముందు కుర్చీ వెనక్కి మడిచేసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నిలబడవద్దని ఆమె ముందే చెప్పింది. మేట కిందకి వచ్చాం. నేను చెయ్యి ఎత్తాను. పడవ ఆగింది. నీరు లాగుతుంటే ఆమె వెనక్కి మెల్లిగా తొక్కుతూ ఉన్నచోటే ఉంచింది. తెడ్డుతో అయితే ఇంత బాగా ఆగేది కాదు.

"ముక్కుకి ఎదురుగా, కొంచెం కుడికి" అంది.

బుడగలు లేస్తున్నాయి. వల భుజం మీద వేసుకున్నాను. ఎండ మా వెనకనుంచి పడుతోంది. మా ఇద్దరి నీడలూ పడవ ముక్కు దాటి నీళ్ళ మీద పొడుగ్గా పడి ఉన్నాయి. ముందు నా నీడ, దాని వెనకనుంచి కొంచెం ఎత్తులో ఆమె తల. ఇన్నేళ్ళూ ఆ నీడలు అక్కడే పడి ఉంటాయి. నేను నీడ కింద చేప కోసం చూశానే గాని నీడని చూడలేదు.

నడుం తిప్పాను. నీళ్ళ మీద నా మోచెయ్యి లేచింది. అది లేవగానే వెనకున్న తల మెత్తగా ఎడమకి వాలింది. నేను తనకి చెప్పలేదు. తను నన్ను అడగలేదు. పడవ కదలలేదు. వల నా చేతిలోంచి వెళ్ళి, పూర్తిగా విచ్చుకుని, గుండ్రంగా ఆ రెండు నీడల మీదా పడింది.

నేను తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఏంటి మావా? లాగు. పోతాయి."

"ఆ. లాగుతున్నా."

"చెయ్యి పట్టేసిందా?"

"లేదే."

"మరి?"

"ఏం లేదు. బాగా పడింది."

"బాగానే పడతాదిలే" అంది.

లాగితే బరువుగా వచ్చింది. రెండు బొచ్చెలు, కొన్ని బొమ్మిడాయిలు. ఇంకా మూడు చోట్ల వేశాం. ఒక్క వల కూడా మడతపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక్కి తిరిగి ఆమెకి ఎదురుగా కూర్చున్నాను. చెక్క పడవలో అలా కూర్చున్న గుర్తు లేదు. ఆమె కాళ్ళకి పసుపు ఉంది. పెడళ్ళకి పెట్టిన బొట్లు నీళ్ళకి సగం పోయాయి. తొక్కుతూ గట్టుకేసి చూస్తోంది. కొంచెం ఒగరుస్తోంది. పడవ అమ్మేద్దామన్న మనిషి మొహం కాదు అది.

"ఏంటలా చూస్తన్నావు?"

"జడ ఊడింది. ఇంటికెళ్ళాక వేస్తాను."

"బిగించకు" అంది.

పెద్ద బొచ్చె ఒకటి మణిశంకర్ గారింటికి సుధాకర్ గారి వ్యానులో పంపించాను. వండడం వచ్చా అని అడగలేదు. అది వాళ్ళు చూసుకుంటారు. రెండోది ఇంట్లో పులుసు పెట్టింది. మధ్యాన్నం కంచాలు పెట్టి, ఎప్పటిలాగే గరిటెతో తలకాయ తీసి నా కంచంలో వేయబోయింది. నేను నా కంచం పక్కకి జరిపి, ఆమె కంచాన్ని గరిటె కిందకి తోశాను.

"ఇదేంటి? వల వేసింది నువ్వు కదా."

"తినవే."

గరిటె గాల్లో పట్టుకుని నాకేసి చూసింది. నేను అన్నం కలుపుకుంటున్నాను. ఇంకొంచెం పులుసు వెయ్యమన్నాను. ఆమె తలకాయ తన కంచంలోనే వేసుకుంది. రెండుగా విడదీసింది. ఒక సగం నాకు పెడుతుందేమో అనుకున్నాను.

పెట్టలేదు. రెండు చెంపలూ తినేసి, ముల్లు ముల్లూ చప్పరించి, చివరికి, "ఇన్నాళ్ళూ ఇది ఒక్కడివే తిన్నావా మావా" అంది.